చెర్రీ రొయ్యలు: ముందు నీళ్లు, తర్వాతే ప్రాణులు

మా మావయ్యగారిది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువుల గట్ల మీదే వయసంతా గడిచింది. మా హైదరాబాదు ఫ్లాట్‌కి మొదటిసారి వచ్చినప్పుడు హాల్లో ఉన్న అడుగున్నర గాజు ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని, నాచు మీద ఎర్రెర్రగా పాకుతున్న వాటిని కాసేపు చూసి, "ఇవి ఏ కౌంటండీ అల్లుడుగారూ?" అన్నారు. కిలోకి ఎన్ని తూగుతాయన్నది అక్కడి లెక్క. వీటి కౌంటు వేలల్లో ఉంటుందన్నాను. నవ్వేసి రెండో ప్రశ్న వేశారు: "నీళ్లు ఎక్కడివి?"

ఆ రెండో ప్రశ్న నేను మొదట్లో వేసుకోలేదు. అందుకే తొలి నెలలో పదిహేను రొయ్యల్లో తొమ్మిదిని పోగొట్టుకున్నాను. అది ఎలా జరిగిందో ముందుకెళ్లాక చెబుతాను. ఇంట్లో మొక్కల ట్యాంకు పెట్టి అందులో చిట్టి రొయ్యలు పెంచుదామనుకునేవాళ్లకు, ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో ఆ వరసలోనే రాస్తున్నాను.

ఏ రొయ్య తెచ్చుకోవాలి

మొదటిసారి అయితే చెర్రీ రొయ్యే. శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి. తైవాన్, తూర్పు చైనా వాగుల్లో పుట్టిన జాతి. అడవి రంగు మట్టి గోధుమ. ఎర్రవాటిని ఏరి ఏరి జతకట్టించగా వచ్చిందే ఈ చెర్రీ ఎరుపు. పసుపు, నీలం, నారింజ, చాక్లెట్ రంగులవన్నీ కూడా ఇదే జాతి. అందుకే రెండు రంగులు ఒకే ట్యాంకులో వెయ్యకండి. నాలుగు తరాలు తిరిగేసరికి పిల్లలు మళ్లీ గోధుమ రంగులోకే పోతాయి. ఆడది మూడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మగది ఇంకాస్త చిన్నది. ఆయుష్షు ఏడాది నుంచి రెండేళ్లు.

షాపులో ఇంకో రెండు రకాలు కనిపిస్తాయి. అమానో రొయ్య పాచి తినడంలో దిట్ట. జపాన్ ఫొటోగ్రాఫర్ తకాషి అమానో 1980లలో తన మొక్కల ట్యాంకుల్లో వాడి పేరు తెచ్చాడు. గుడ్లయితే మంచినీళ్లలోనే పెడుతుంది గానీ పిల్లలు బతకాలంటే ఉప్పునీళ్లు కావాలి కాబట్టి ఇంట్లో సంతతి పెరగదు. ఎరుపు తెలుపు పట్టీల క్రిస్టల్ రెడ్ చాలా అందంగా ఉంటుంది. జపాన్‌లోనే హిసయాసు సుజుకి అనే ఆయన 1990లలో నల్ల పట్టీల రొయ్యల మధ్య కనిపించిన ఎర్రదాన్ని పట్టుకుని ఆ రకాన్ని నిలబెట్టాడు. దానికి మెత్తని, కాస్త పులుపు వైపున్న నీళ్లు, చల్లదనం, ప్రత్యేకమైన మట్టి కావాలి. మన వేసవిలో నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా దాని జోలికి పోవద్దనే నా సలహా.

గోదావరి కాలవల్లో దొరికే చిట్టి రొయ్యలు తెచ్చి వేస్తే పోలా అని అడిగేవాళ్లున్నారు. వాటిలో నీలకంఠ రొయ్య పిల్లలు కలిసి రావచ్చు. అవి పెరిగాక మిగతా వాటిని పట్టుకు తింటాయి. కాలవ నీళ్లతో వచ్చే జబ్బులు సరేసరి.

నీళ్లు

చెర్రీ రొయ్యకు కావలసిన లెక్కలు ఇవి: పీహెచ్ 6.8 నుంచి 7.8. జీహెచ్, అంటే కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే కాఠిన్యం, 6 నుంచి 12 డిగ్రీలు. కేహెచ్, అంటే కార్బొనేట్ల వల్ల వచ్చే కాఠిన్యం, 3 నుంచి 8. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్నవాటి మొత్తం, 180 నుంచి 300. వేడి 20 నుంచి 27 డిగ్రీలు. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ 20 లోపు.

వీటిలో అందరూ కొనేది టీడీఎస్ మీటరు ఒక్కటే, చవక కాబట్టి. నేనూ అంతే. మా అపార్ట్‌మెంటు నల్లా నీళ్లు 800 చూపించాయి. ఆర్‌ఓ నీళ్లు 30. రెండు మగ్గులు నల్లావి, ఐదు మగ్గులు ఆర్‌ఓవి కలిపితే సరిగ్గా 250 వస్తుంది, కాగితం మీద వేసి చూసుకోండి. అలాగే కలిపి ట్యాంకు నింపాను. పీహెచ్ బాగుంది, అమ్మోనియా లేదు, మీటరు 250 దగ్గర నిలబడింది. ఇక టెన్షన్ లేదనుకున్నాను.

వారం తిరగకుండా ఒకటి పోయింది. ఎర్రగా, నిండుగా ఉన్న ఆడది, పక్కకి ఒరిగి ఉంది. తల పెంకుకీ ఒంటి పెంకుకీ మధ్య మెడ చుట్టూ దారం కట్టినట్టు తెల్లటి గీత. రెండోదానికీ అదే గీత. మూడోది నా కళ్ల ముందే పోయింది: పెంకు విడవడానికి వెల్లకిలా పడి గింజుకుంటూ, సగం బయటికి వచ్చి ఆగిపోయింది. మూడు వారాల్లో తొమ్మిది.

చివరికి జీహెచ్ చుక్కల మందు తెప్పించాను. ఐదు మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కో చుక్క వేస్తూ పోవాలి. ఎన్నో చుక్కకు రంగు మారితే అన్ని డిగ్రీలు. మొదటి చుక్కకే పచ్చగా మారిపోయింది. టీడీఎస్ 250 ఉన్న నీళ్లలో కాల్షియం దాదాపు లేదు! మరి ఆ 250 ఏమిటి? సెల్లార్‌లో మోటారు గది పక్కన నెలనెలా దిగే ఉప్పు బస్తాలు అప్పుడు గుర్తొచ్చాయి. అపార్ట్‌మెంటుకి వాటర్ సాఫ్ట్‌నర్ ఉంది. అది బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి స్థానంలో సోడియం వదులుతుంది. మన గీజరుకు, బట్టలకు అది మేలే. మీటరుకు తేడా తెలియదు, నీళ్లలో ఏదో ఒకటి కరిగి ఉంటే చాలు దానికి. రొయ్యకి మాత్రం కొత్త పెంకు కట్టుకోవడానికి సున్నమే లేదు.

వాచ్‌మన్‌ని అడిగితే, "మొక్కలకి పట్టే పైపు డైరెక్ట్ బోరు సార్, దానికి సాఫ్ట్‌నర్ లేదు" అన్నాడు. ఆ పైపు నుంచి క్యాన్‌తో పట్టి, అదే రెండుకి ఐదు లెక్కలో ఆర్‌ఓ కలిపితే ఎనిమిదో చుక్కకు రంగు మారింది. ఒక్కసారే మార్చకుండా రోజు విడిచి రోజు ట్యాంకులో పదో వంతు చొప్పున మార్చాను. నెల తిరిగేసరికి ట్యాంకు నీళ్లు ఆరు డిగ్రీలకు వచ్చాయి. మిగిలిన ఆరూ నిలబడ్డాయి.

అందుకని ట్యాంకు కొనకముందే ఇంటి నీళ్ల సంగతి తేల్చుకోండి. సాఫ్ట్‌నర్ ఉందా అని అడగండి. అపార్ట్‌మెంటుకి ల్యాబ్ రిపోర్టు ఉంటే అందులో 'టోటల్ హార్డ్‌నెస్' అంకెను 18తో భాగించండి, ఇంచుమించు జీహెచ్ డిగ్రీలు వస్తాయి. 144 ఉంటే ఎనిమిది డిగ్రీలు. బోరు బాగా కఠినంగా ఉంటే ఆర్‌ఓ కలిపి పల్చన చెయ్యండి. ఉత్త ఆర్‌ఓ నీళ్లు మాత్రమే దొరికితే రొయ్యల కోసం అమ్మే మినరల్ పొడి కలపాలి, వట్టి ఆర్‌ఓ నీళ్లలో వేస్తే పైన చెప్పిన కథే.

కృష్ణా, మంజీరా, గోదావరి నీళ్లు వచ్చే ఇళ్లలో తంటా వేరు: క్లోరిన్. బకెట్లో పట్టి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పెట్టి ఒక రోజంతా వదిలేస్తే క్లోరిన్ పోతుంది. షాపుల్లో యాంటీ క్లోరిన్ అని దొరికే చుక్కలు వేసినా సరే, సీసా మీద రాసిన మోతాదు దాటకండి.

రాగి గురించి ఒక మాట. రాగి బిందెలో రాత్రంతా నిలవుంచిన నీళ్లు మనకు మంచివంటారు. రొయ్యకు అవే విషం. చలికాలం కదా అని గీజరు నీళ్లు కలపకండి, లోపల రాగి ట్యాంకో రాగి గొట్టమో ఉండొచ్చు. చేపల జబ్బులకు వాడే చాలా మందుల్లో కూడా రాగి ఉంటుంది. పాత చేపల ట్యాంకులో అలాంటి మందు వాడి ఉంటే దాన్ని రొయ్యలకు వాడకపోవడమే మేలు.

ట్యాంకు, ఇసుక, మొక్కలు

అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో సుమారు 42 లీటర్లు పడతాయి. మొదటి ట్యాంకుకి ఇంతకంటే చిన్నది వద్దు. చిన్న ట్యాంకులో నీళ్లు త్వరగా వేడెక్కుతాయి, త్వరగా పాడవుతాయి. ఇసుక, గాజుతో కలిపి యాభై అయిదు, అరవై కిలోలు ఉంటుంది కాబట్టి షూ ర్యాక్ మీద పెట్టకండి. కిటికీ ఎండ నేరుగా పడని చోటు చూసుకోండి.

అడుగున నల్ల గ్రావెల్ వేస్తే ఎర్ర రొయ్య కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లేత రంగు ఇసుక మీద అవే రొయ్యలు వెలిసిపోయినట్టు ఉంటాయి. గ్రావెల్‌ని నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి, సబ్బు తగలనివ్వకూడదు. దారిలో దొరికిన రాయి నచ్చితే దాని మీద వెనిగర్ చుక్కేసి చూడండి. బుసబుస పొంగితే సున్నపురాయి. చెర్రీకి అది ముప్పేమీ కాదు గానీ నీళ్ల కాఠిన్యం పెంచుతుంది, బోరు నీళ్లున్న ఇంట్లో ఆ అవసరం లేదు.

ఫిల్టర్ అంటే స్పాంజి ఫిల్టరే. చిన్న ఎయిర్ పంపుతో నడుస్తుంది, పిల్ల రొయ్యల్ని లోపలికి లాగదు, పైగా ఆ స్పాంజి మీద పేరుకునేది వాటికి మేత కూడా. వేలాడదీసే ఫిల్టర్ ఇప్పటికే ఉంటే దాని నోటికి స్పాంజి తొడుగు తొడగండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు అక్కర్లేదు. కింద చెప్పే మొక్కలన్నీ అది లేకుండానే పెరుగుతాయి.

జావా మాస్ అనే నాచు ఎంత దొరికితే అంత వెయ్యండి. పిల్లలు దాక్కునేదీ, మేసేదీ అందులోనే. రాళ్లకో కర్రకో దారంతో కట్టిన అనుబియాస్, జావా ఫెర్న్ మొండి మొక్కలు, తక్కువ వెలుగులో కూడా బతుకుతాయి. పైన అంతరతామర నాలుగు మొక్కలు తేలితే వాటి వేళ్ల మధ్య రొయ్యలు ఊగుతుంటాయి. వారానికోసారి సగం తీసి పారెయ్యకపోతే కిందికి వెలుగు రాదు. లైటు రోజుకి ఆరేడు గంటలు చాలు, టైమర్ పెట్టేస్తే మర్చిపోయే గొడవ లేదు.

కొత్త మొక్కల్ని తెచ్చిన రోజే ట్యాంకులో వెయ్యొద్దు. నర్సరీల్లో నత్తలు, పురుగులు పోవడానికి మందు కొడతారు. దాని జాడ చాలు, పురుగూ రొయ్యా దానికి ఒక్కటే. వేరే బకెట్లో వారం రోజులు ఉంచి రోజూ నీళ్లు మార్చండి. జెల్లీ కప్పుల్లో వచ్చే టిష్యూ కల్చర్ మొక్కలకు ఈ భయం లేదు, జెల్లీ కడిగేస్తే సరిపోతుంది.

ఖాళీ ట్యాంకుతో నెలన్నర

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. మొక్కలు వేసి, ఫిల్టర్ పెట్టి, లైటు వెలిగించాక ట్యాంకు చూడముచ్చటగా ఉంటుంది, రొయ్యలు వేసెయ్యాలనిపిస్తుంది. కానీ లోపల ఇంకా బ్యాక్టీరియా తయారవ్వలేదు. రొయ్యల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతాయి. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు. మూడోదాన్ని కొంతవరకు మొక్కలే తింటాయి. ఈ బ్యాక్టీరియా స్పాంజి మీద, గ్రావెల్ మీద స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

అన్నాళ్లూ రెండు రోజులకోసారి చిటికెడు చేప మేత వేస్తూ ఉండండి, ఆ బ్యాక్టీరియాకు అదే ఆహారం. చాలాకాలంగా ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఎవరింట్లోనైనా ఉంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజిని మీ ట్యాంకులో పిండమనండి. గోధుమ రంగు మురికి దిగుతుంది, అది మురికి కాదు, పెరుగుకి తోడు లాంటిది. నెలన్నర పని మూడు వారాల్లో అయిపోవచ్చు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వారం రోజుల పాటు సున్నా చూపిస్తే ఒక గండం గట్టెక్కినట్టు.

ఆ తర్వాత కూడా నేనైతే ఇంకో రెండు వారాలు ఆగుతాను. నాలుగు రోజులు తోమని బిందె లోపల వేలు పెడితే జారుడుగా ఒక పొర తగులుతుంది చూడండి, అది గాజు మీద, కర్ర మీద, ఆకుల మీద పట్టాలి. బయోఫిల్మ్ అంటారు. రొయ్య పొద్దున్నుంచి రాత్రిదాకా చేతులు ఆడిస్తూ గీరుకు తినేది దాన్నే. వెనక గాజు మీద పచ్చగా పాచి పడితే తుడవకండి. ముందు గాజు తుడుచుకుంటే మనకి కనబడుతుంది, చాలు.

వీధిలో బాదం చెట్టు ఉంటే అదృష్టవంతులు. ఎర్రబారి, ఎండి, తనంతట తాను రాలిన ఆకు ఏరి, కడిగి, నీళ్లలో నానబెట్టి ఒకటి వెయ్యండి. నీళ్లు టీ రంగులోకి మారతాయి, హాని లేదు. రెండు మూడు వారాల్లో ఆకు మీద జిగురు పొర పట్టి, రొయ్యలు మూగి, చివరికి ఈనెలు మాత్రం వలలాగా మిగులుతాయి. ఈ ఆకుల్నే ఆన్‌లైన్‌లో ప్యాకెట్లలో పెట్టి అమ్ముతున్నారు! చెట్టు మాత్రం పురుగుమందు కొట్టనిది, మెయిన్ రోడ్డు దుమ్ము పడనిది చూసుకోండి.

కొనడం, ట్యాంకులో వదలడం

పది నుంచి పదిహేను తెచ్చుకోండి. నాలుగైదు తెస్తే అన్నీ మగవో, అన్నీ ఆడవో కావచ్చు, భయంతో దాక్కుంటాయి కూడా. పెద్ద సైజువి కాకుండా సెంటీమీటరున్నర ఉన్న కుర్రవి అడగండి. పెద్దవాటికి సగం ఆయుష్షు అప్పటికే అయిపోయి ఉంటుంది. రంగుల చేపలు, రొయ్యలు మన షాపులకు ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో వస్తాయి. రాత్రి ప్రయాణం చేసి దిగిన సరుకు ఆ రోజే కొనకుండా మూడు నాలుగు రోజులు ఆగి వెళ్లండి. బతికేవి బతుకుతాయి, పోయేవి షాపులోనే పోతాయి. చురుగ్గా మేస్తున్నవి తీసుకోండి, ఒళ్లు పాలలాగా తెల్లబారినవి వద్దు. షాపాయన్ని అతని నీళ్ల టీడీఎస్ అడగండి. మీటరు జేబులో పెట్టుకెళ్లినా తప్పులేదు.

ఇంటికి తెచ్చాక కవరు కోసి గుమ్మరించకండి. మెడికల్ షాపులో సెలైన్ ఎక్కించే ఐవీ సెట్ కొనుక్కురండి. సూది తీసేసి, ఒక కొస ట్యాంకులో ముంచి, రెండో కొస కింద నేల మీద పెట్టిన గిన్నెలోకి వదలండి. ఆ గిన్నెలో కవరు నీళ్లతో సహా రొయ్యలు ఉంటాయి. నీళ్లు లాగి, పైపు మీద ఉండే చక్రం తిప్పి సెకనుకు రెండు చుక్కలు పడేలా చెయ్యండి. గంటన్నర, రెండు గంటల్లో గిన్నెలో నీళ్లు రెండు మూడింతలవుతాయి. అప్పుడు కొత్త టీ వడపోతతో రొయ్యల్ని మాత్రం తీసి ట్యాంకులో వదలండి. గిన్నె నీళ్లు సింకులో పారబోయండి. ఆ రాత్రి లైటు వద్దు, మేత వద్దు. మర్నాడు సగం కనిపించకపోయినా మొక్కలు పెరికి వెతకొద్దు.

తోడుగా చేపలు కావాలా? ఒటోసింక్లస్ ఒక్కటే నిజంగా నమ్మకస్తురాలు. గప్పీలు పెద్ద రొయ్యల్ని ఏమీ అనవు గానీ పిల్లల్ని దొరికినవి దొరికినట్టు మింగుతాయి. బెట్టా, ఏంజెల్ ఉన్నచోట రొయ్యల్ని వెయ్యడమంటే ఖరీదైన మేత వెయ్యడమే.

మేత

పాచి పట్టిన ట్యాంకులో పదిహేను రొయ్యలకు విడిగా మేత వారానికి మూడుసార్లు చాలు. రొయ్యల గుళిక అయితే మినపబద్దంత ముక్క. రెండు మూడు గంటల్లో మిగిలింది తీసెయ్యాలి.

కూరగాయలు ఇష్టంగా తింటాయి. పాలకూర ఆకు మరుగుతున్న నీళ్లలో ఒక నిమిషం వేసి, చల్లార్చి, అడుగుకు దిగేలా చిన్న రాయి కట్టి వెయ్యండి. బీరకాయ, సొరకాయ, కీరా అయితే చెక్కు తీసి పల్చటి చక్రం. ఉప్పు, పసుపు ఏమీ తగలకూడదు. మార్కెట్ ఆకుకూరల మీద పురుగుమందు ఉండొచ్చు కాబట్టి నేను మిద్దె మీద కుండీలో పెరిగిన పాలకూర, మునగాకు మాత్రమే వేస్తాను. కుండీ లేనివాళ్లకు చెక్కు తీసిన సొరకాయ మంచిది. పది నిమిషాల్లో చక్రం చుట్టూ బంతి భోజనాలే.

ఊరెళ్లేటప్పుడు ఎవరికీ అప్పజెప్పకండి. దసరాకి పది రోజులు ఊరెళ్తూ పక్కింటి పిన్నిగారికి తాళం ఇచ్చాను. పాపం ఆవిడ రొయ్యలు ఆకలితో మాడతాయని పూటకో చెంచా వేశారు. వచ్చేసరికి నీళ్లు బియ్యం కడుగులా ఉన్నాయి. పది రోజులు ఏమీ వెయ్యకపోయినా వాటికి ఏమీ కాదు, ఆకుల మీది పొర ఉంటుంది.

పెంకు విడిచినప్పుడు

పాము కుబుసం విడిచినట్టు రొయ్య పాత పెంకు విడిచి పెరుగుతుంది. పిల్లలు వారానికోసారి, పెద్దవి మూడు నాలుగు వారాలకోసారి. ట్యాంకు అడుగున మీసాలతో సహా ఒక రొయ్య ఆకారం కనిపిస్తే కంగారు పడకండి. గాజులాగా పారదర్శకంగా, వీపు దగ్గర చీలి, నీటి ఊపుకు కదులుతుంటే అది వట్టి పెంకు. చచ్చిపోయింది అయితే ఉడికించినట్టు గులాబీ రంగుకు తిరిగి, లోపల నిండుగా కనిపిస్తుంది. చచ్చినదాన్ని వెంటనే తీసెయ్యాలి. పెంకును తీయొద్దు, దానిలోని సున్నం కోసం మిగతావే తినేస్తాయి.

పెంకు విడిచిన రోజు ఒళ్లు మెత్తగా ఉంటుంది, మూల దాక్కుంటుంది. కదిలించకండి. ఒకేసారి సగం ట్యాంకు నీళ్లు మారిస్తే ఆ కుదుపుకి సమయం కాకుండానే పెంకు విడవబోయి చాలా రొయ్యలు పోతాయి. అందుకే వారానికి పదో వంతు, మహా అయితే ఏడో వంతు మార్చండి. పోసే నీళ్ల టీడీఎస్, వేడి రెండూ ట్యాంకుకు దగ్గరగా ఉండాలి, సన్నటి ధారగా పొయ్యాలి. స్పాంజిని నెలకోసారి, తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండండి. నల్లా కింద కడిగితే నెలన్నర కష్టం క్లోరిన్ పాలు.

దోమల మందు

మన ఇళ్లలో రొయ్యలకు పెద్ద శత్రువు దోమల లిక్విడ్. ప్లగ్గులో పెట్టే సీసాల్లో, బొద్దింకల స్ప్రేల్లో ఉండే పైరెత్రాయిడ్ రకం మందులు మనిషికి అంతగా చెయ్యని హాని రొయ్యకు చాలా కొద్ది మోతాదులోనే చేస్తాయి. పైగా ఎయిర్ పంపు పనే గదిలో గాలిని లాగి నీళ్లలోకి పంపడం. అంటే మందును మనమే పంపు పెట్టి ఎక్కిస్తున్నట్టు. ట్యాంకు ఉన్న గదిలో దోమతెర, బ్యాటు తప్ప మరేదీ వాడకండి. పెస్ట్ కంట్రోల్ చేయించాల్సి వస్తే రెండు మూడు వారాలు ట్యాంకును వేరే ఇంటికి తరలించడమే దారి.

డెంగీ రోజుల్లో వీధిలో ఫాగింగ్ బండి చప్పుడు వినిపిస్తే కిటికీలు మూసి, ట్యాంకు మీద తడి తువ్వాలు కప్పి, గంటసేపు పంపు ఆపండి. చేతికి దోమల క్రీము, సబ్బు, శానిటైజర్ ఉంటే నీళ్లలో పెట్టకండి. కుక్కకు గోమార్ల మందు రాసిన చేతులైతే అసలే వద్దు.

రోహిణి కార్తె

రోళ్లు పగిలే ఎండల్లో ట్యాంకు నీళ్లు 32 దాటడం మామూలే. 30 దాటితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఆడవి గుడ్లు వదిలేస్తాయి. మూత తీసి, నీటి పైభాగం మీదుగా వీచేలా చిన్న యూఎస్‌బీ ఫ్యాను పెట్టండి. హైదరాబాదు పొడి గాలిలో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. విజయవాడ, విశాఖ ఉక్కలో అంత దిగదు, అక్కడ ట్యాంకును ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో నేలకు దగ్గరగా పెట్టుకోవడం మేలు. మరీ అవసరమైతే గడ్డకట్టిన నీళ్ల సీసా మూత బిగించి తేలెయ్యండి, రెండు డిగ్రీలు దిగగానే తీసెయ్యండి. ఐసు ముక్కలు నేరుగా వెయ్యొద్దు.

ఫ్యాను పెడితే రోజూ వేలి మందాన నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు లోపలే ఉంటాయి. కాబట్టి తగ్గినదాన్ని ఉత్త ఆర్‌ఓ నీళ్లతో నింపాలి. బోరు నీళ్లతో నింపుతూ పోతే జూన్ వచ్చేసరికి టీడీఎస్ రెట్టింపు అవుతుంది, వర్షాలు పడ్డాక కూడా రొయ్యలు ఎందుకు పోతున్నాయో అర్థం కాదు.

కరెంటు పోతే రెండు మూడు గంటల వరకు భయం లేదు. రాత్రిపూట పోతే జాగ్రత్త, చీకట్లో మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. చలికాలంలో నీళ్లు 19కి దిగినా హీటరు అక్కర్లేదు. పిల్లలు పెట్టడం తగ్గిస్తాయి, అంతే.

గుడ్లు, పిల్లలు

ఆడదాని వీపు మీద, తల వెనక, పసుపుపచ్చటి జీనులాంటి మచ్చ కనిపిస్తే గుడ్లు తయారవుతున్నాయని అర్థం. ఒకరోజు అది పెంకు విడుస్తుంది. ఆ వాసన నీళ్లలో కలవగానే మగవన్నీ పిచ్చెత్తినట్టు ట్యాంకంతా ఈదుతాయి. మొదటిసారి చూసి విషం కలిసిందని హడలిపోయాను. మర్నాటికి గుడ్లు పొట్ట కిందికి దిగుతాయి, ఇరవై ముప్పై, ఆవగింజల కంటే చిన్నవి. కింది కాళ్లతో వాటిని విసురుతూనే ఉంటుంది. రెండు మూడు వారాలకు గుడ్లలో నల్లటి చుక్కలు కనిపిస్తాయి, అవి కళ్లు. ఇంకొన్ని రోజుల్లో రెండు మిల్లీమీటర్ల పిల్లలు, అచ్చం తల్లి ఆకారంలోనే, నాచులోకి జారుకుంటాయి. వాటికి వేరే మేత, వేరే ట్యాంకు అక్కర్లేదు. నాచు, పాచి ఉంటే చాలు.

మేత ఎక్కువైన ట్యాంకుల్లో గాజు మీద తెల్లటి పురుగులు పాకుతాయి. తల త్రికోణంగా, బాణం మొనలా ఉంటే అది ప్లనేరియా, పిల్లల్ని తింటుంది. మేత తగ్గించి, రాత్రి చిన్న సీసాలో మాంసం ముక్క పెట్టి ఎరవేసి పడుతూ పోతే తగ్గుతుంది. ఫెన్‌బెండజోల్ మందు పనిచేస్తుంది గానీ నెరైట్ నత్తలు పోతాయి, అది ఆఖరి మాట. రొయ్య ముక్కు దగ్గర తెల్లటి కుచ్చులు కదులుతుంటే స్కుటారియెల్లా అనే జీవి. కప్పు ట్యాంకు నీళ్లలో ఒక టేబుల్ స్పూన్ అయోడిన్ లేని ఉప్పు కరిగించి, రొయ్యను అందులో అర నిమిషం ముంచి తియ్యండి.

ఏడాది తిరిగేసరికి వందలు అవుతాయి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు కవరులో మూడో వంతు ట్యాంకు నీళ్లు, మిగతాది గాలి, పట్టుకు వేలాడడానికి కాస్త జావా మాస్ పెట్టి, రెండో కవరు తొడిగి, కాగితంలో చుట్టి ఇవ్వండి. ముందు రోజు మేత వెయ్యకపోతే కవరులో నీళ్లు పాడవవు. చెరువులో, కాలవలో మాత్రం వదలొద్దు, రొయ్యలే కాదు, కత్తిరించిన మొక్కలు కూడా. చెర్రీ రొయ్య జాతి ఇప్పటికే హవాయి వాగుల్లో, జర్మనీ, పోలండ్ నీళ్లలో అడవిలా పెరుగుతోంది. గుర్రపుడెక్క మన చెరువుల్ని ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం. మిగిలిన అంతరతామరను ఎండబెట్టి కుండీల్లో వేస్తే ఎరువవుతుంది. మా పాలకూర కుండీకి అదే వేస్తున్నాను.

మావయ్యగారు వెళ్తూ వెళ్తూ ఇరవై పట్టుకెళ్లారు. కూలర్ బాక్సులో పెట్టి, బాటిల్లో మా ట్యాంకు నీళ్లు కూడా నింపించుకుని. దిగగానే ఫోన్ చేశారు: "మా బోరు జీహెచ్ పద్దెనిమిదండీ. రెండుకి ఎంత కలపమంటారు?"